ధర్నాకి వెళ్ళొచ్చాను, తర్వాతేంటి?

ప్రశ్న: మేడమ్, నాకు 25 ఏళ్ళు. మాది విశాఖపట్నం, శ్రీహరిపురం. డిగ్రీ అయ్యాక ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. చిన్నప్పట్నుంచీ మా పేటలో దుమ్ము, ఘాటు వాసన మధ్యే పెరిగాను. ఈ మధ్య ఫ్రెండ్స్‌తో కలిసి ఆర్కే బీచ్‌లో చెత్త ఏరాం. జీవీఎంసీ గాంధీ బొమ్మ దగ్గర స్టీల్ ప్లాంట్ ప్రైవేటీకరణకి వ్యతిరేకంగా ధర్నా జరిగితే వెళ్ళి ప్లకార్డు పట్టుకున్నాను, ఫొటో పెట్టాను, ఇంటికొచ్చాను. ఏమీ చెయ్యనట్టే అనిపించింది. జనం కోసం నిజంగా పనిచెయ్యాలనుంది. కానీ ఏది పట్టుకోవాలి? స్టీల్ ప్లాంటా, ఎర్రమట్టి దిబ్బలా, కాలుష్యమా, ఆడపిల్లల భద్రతా? అన్నీ ముఖ్యమే అనిపిస్తాయి. అమ్మేమో ‘మనకెందుకొచ్చిన గొడవ, కేసులైతే పెళ్ళెలా అవుతుంది’ అని ఒకటే టెన్షన్.
– ఓ పాఠకురాలు

జవాబు: ధర్నా నుంచి ఉత్త చేతుల్తో వచ్చినట్టు అనిపించడంలో నీ తప్పేమీ లేదమ్మా. ధర్నా చాలా పని జరిగాక ఆఖర్న వచ్చేది. దాని వెనక నెలల తరబడి అర్జీలు, మీటింగులు, ఇంటింటి తిరుగుడు, ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరగడం ఉంటాయి. నువ్వు తిన్నగా ఇంటర్వెల్ తర్వాత హాల్లోకి వెళ్ళి కూర్చున్నావు, కథ ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. అంతే.

ఇక ఏది పట్టుకోవాలి అన్న ప్రశ్న. ఏ సమస్య పెద్దది అని లెక్కలేస్తూ కూర్చుంటే ఈ జన్మకి తేలదు. నేనైతే రెండు సంగతులు చూడమంటాను. దీనివల్ల నష్టపోతున్నవాళ్ళెవరు, వాళ్ళ గుమ్మం ముందు వారానికోసారైనా నువ్వు కూర్చోగలవా? ఇది సరిచెయ్యాలంటే సంతకం పెట్టాల్సింది ఏ ఆఫీసు, అక్కడికి నువ్వు వెళ్ళగలవా? రెండిటికీ జవాబు చెప్పగలిగితే అది నీ పని. చెప్పలేకపోతే, ఎంత గొప్ప సమస్యైనా దానికి నువ్వు ప్రస్తుతానికి అభిమానివే. అభిమానులూ కావాలి, కాదనను.

బీచ్‌లో చెత్త ఏరడమే తీసుకో. మంచి పని, మానెయ్యమనను. కానీ అది సేవ. మళ్ళీ ఆదివారం వెళ్తే అక్కడ అంత చెత్తా ఉంటుంది, ఎందుకంటే అందులో చాలావరకు మన గెడ్డల్లోంచి కొట్టుకొచ్చి సముద్రంలో పడేదే. ఆ గెడ్డ ఏ వార్డుల్లోంచి వస్తోంది, అక్కడికి చెత్త బండి రోజూ వస్తోందా, పారిశుద్ధ్య కార్మికులు ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు, వాళ్ళకి జీతం నెలనెలా పడుతోందా అని నువ్వు అడగడం మొదలుపెట్టిన రోజున అది పోరాటమవుతుంది. చెత్త ఏరేటప్పుడు నీతో ఫొటో దిగినవాళ్ళలో కొందరు ఆ రోజు నుంచి ఫోన్ ఎత్తరు. అదీ జరుగుతుంది.

మన దగ్గర గెలిచిన పోరాటాలు ఎలా గెలిచాయో చూస్తే నీకే అర్థమవుతుంది. బొర్రా గుహలు చూడ్డానికి వెళ్ళే ఉంటావు. ఆ చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో, అనంతగిరి మండలంలో, ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులిచ్చారు. అక్కడివాళ్ళతో కలిసి పనిచేస్తున్న సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయారు. వదల్లేదు. 1997 జులైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి ఇవ్వకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, ఆ లీజులు చెల్లవని తేల్చింది. దేశమంతా దాన్ని ‘సమత తీర్పు’ అనే పిలుస్తారు. ఏజెన్సీలో చదువురాని ముసలాయనకి కూడా ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటే ఏంటో తెలుసు, మన భూమి మనదే అనే చట్టం అని. కొండ మీద మనుషులు, చేతిలో చట్టం, రెండూ ఉన్నాయి కాబట్టి ఆ కేసు నిలబడింది.

సోంపేట సంగతీ అంతే. శ్రీకాకుళం జిల్లాలో అక్కడివాళ్ళు ‘బీల’ అనే తడినేలలో థర్మల్ ప్లాంటు పెడతామన్నారు. కాగితాల్లో అది పనికిరాని భూమి. ఆ నీళ్ళ మీద, ఆ చేపల మీద, ఆ గడ్డి మీద బతికేవాళ్ళకి మాత్రం అది అన్నం. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ రోజుల్లోనే ప్లాంటుకి ఇచ్చిన పర్యావరణ అనుమతి కూడా ఢిల్లీలో రద్దయింది. రోడ్డు మీద బైఠాయించినవాళ్ళు ఒక పక్క, ఫైలు పట్టుకుని అప్పీలు వేసినవాళ్ళు ఇంకో పక్క. ఒక పక్కే ఉంటే బీల ఈపాటికి బూడిద చెరువయ్యేది.

కాగితం అంటే అందరికీ విసుగు. అందుకే ఇంకోటి చెప్పనీ. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ఆ ప్లాంటులో తీస్తున్న ఉత్పత్తికి సరైన పర్యావరణ అనుమతి లేదని అంతకు ఏడాది ముందే, 2019 మేలో, విస్తరణ దరఖాస్తుతో పాటు ఇచ్చిన ప్రమాణపత్రంలో కంపెనీయే రాసిచ్చింది. బయటి జనానికి ఆ సంగతి మనుషులు పోయాకే తెలిసింది. ఆ ఫైలు ఎవరో ముందే చదివి ఉంటే ఆ రాత్రి మరోలా ఉండేదని నేను చెప్పలేను. కానీ ఫ్యాక్టరీ గోడ పక్క ప్రతి పేటలోనూ అలాంటివి చదివే మనిషి ఒకరుండాలి. నువ్వు అకౌంట్స్ చూసేదానివి. అంకె తేడా వస్తే నిద్రపట్టని ఉద్యోగం. ప్లకార్డు పట్టుకోవడానికి వందమంది దొరుకుతారు గానీ నీలాంటిది దొరకడం కష్టం.

కాబట్టి, నన్నడిగితే నీది దుమ్మే. నువ్వు పీల్చేది, మీ అమ్మ పీల్చేది.

ముందు ఓ నోటుబుక్కు కొను. తేదీ, టైము, ఏం చూశావు, ఎవరింట్లో. ‘కాలుష్యం ఎక్కువగా ఉంది’ అని రాయకు, అది అధికారులకి అలవాటైపోయిన మాట. ‘సాయంత్రం ఆరింటికి ఎదురింటావిడ డాబా మీద ఆరబెట్టిన వడియాల మీద నల్లటి పొడి, గాలి పోర్టు వైపు నుంచి’ అని రాయి. ప్రతి ఆదివారం ఒకే కిటికీ గట్టుని తెల్లటి గుడ్డతో ఒక్కసారి తుడిచి, ఆ గుడ్డని కవర్లో పెట్టి, తేదీ వేసి దాచు. అది ల్యాబ్ పరీక్ష కాదు, కోర్టులో రుజువుగా నిలబడకపోవచ్చు. కానీ ఓ ఏడాది గుడ్డలు వరసగా టేబుల్ మీద పరిస్తే ఎదుటి అధికారి ‘అబ్బే, అంత లేదమ్మా’ అని నోరారా అనలేడు.

దాంతో పాటు అంకెలు. దేశంలో గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ ఉంది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద అలాంటి ఊళ్ళకి నిధులిస్తున్నారు. పీఎం10 అనే ధూళి రోజు సగటున ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదు, ఏడాది సగటు 60 దాటకూడదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి యాప్ ‘సమీర్’లో ఊళ్ళో స్టేషన్ ఏం చూపిస్తోందో ఫోన్లోనే కనిపిస్తుంది. అయితే ఊరి నడిబొడ్డున ఉన్న మీటరు మీ పేట గాలి లెక్క చెప్పదు. నీ మొదటి ప్రశ్న అక్కడే పుడుతుంది.

ఆ ప్రశ్న సమాచార హక్కు చట్టం కింద వెయ్యి. తెల్ల కాగితం, పది రూపాయల ఫీజు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో పౌర సమాచార అధికారి పేరున. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ‘మా పేటలో దుమ్ము ఎందుకు తగ్గించట్లేదు?’ అని రాస్తారు. ‘ఎందుకు’ అంటే జవాబు చెప్పాల్సిన పని వాళ్ళకి లేదు, రికార్డులో ఉన్నదే ఇస్తారు. అందుకని కాపీలడుగు. మా పేటకి దగ్గర్లో గాలి కొలిచే కేంద్రం ఎక్కడుంది, గత పన్నెండు నెలల రీడింగుల కాపీ ఇవ్వండి. ఫలానా యూనిట్‌కి ఇచ్చిన కన్సెంట్ ఫర్ ఆపరేషన్ (నడుపుకోవడానికి మండలి ఇచ్చే అనుమతి) ఉత్తర్వు, అందులోని షరతుల కాపీ ఇవ్వండి. చివరి రెండు తనిఖీల రిపోర్టులు, ఇచ్చిన నోటీసుల కాపీ ఇవ్వండి. అంతే. ముప్పై రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు, దానికీ కదలకపోతే రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. షరతుల కాగితం చేతికొచ్చాక చదివి చూడు. బొగ్గు కుప్పల మీద నీళ్ళు చల్లాలి, లారీల మీద టార్పాలిన్ కప్పాలి, చుట్టూ చెట్ల పట్టీ పెంచాలి లాంటివి వరసగా ఉంటాయి. అప్పుడు నువ్వు కొత్తగా ఏమీ కోరక్కర్లేదు. వాళ్ళే ఒప్పుకున్నదాన్ని చెయ్యమంటున్నావు. ఈ తేడా చాలా పెద్దది.

ఇదంతా చేసి ఒక్కదానివే కలెక్టరేట్‌కి పరిగెత్తకు. సోమవారం సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీలు తీసుకుంటారు, వెళ్దువుగాని, కానీ దానికి ముందు పేటలో కూర్చోవాలి. ఎవరి వరండాలోనైనా సరే. మగవాళ్ళు రావాలంటే రాత్రి ఎనిమిది, ఆడవాళ్ళు మనసు విప్పి మాట్లాడాలంటే మధ్యాహ్నం మూడు. రెండూ పెట్టు. నువ్వు తక్కువ మాట్లాడు. రానివాళ్ళింటికి మర్నాడు వెళ్ళు.

అక్కడ నీకు ఓ షాక్ తగలొచ్చు. ‘దుమ్ము గురించి గట్టిగా మాట్లాడితే ఫ్యాక్టరీ మూసేస్తారేమో, మా ఆయన అక్కడే చేస్తున్నాడు’ అని సగం మంది వెనక్కి తగ్గుతారు. వాళ్ళు పిరికివాళ్ళు కాదు, అమ్ముడుపోయినవాళ్ళు అంతకన్నా కాదు. దుమ్మూ వాళ్ళదే, జీతమూ వాళ్ళదే. ‘ఫ్యాక్టరీ వద్దు’ అని బయటినుంచి వచ్చినవాళ్ళు అనగలరు, మీ పేట అనలేదు. అందుకే డిమాండ్ ఏంటో వాళ్ళ నోటి నుంచి రానీ. మూయమంటారా, కప్పమంటారా, ఏడాదికోసారి పిల్లలకి ఊపిరితిత్తుల పరీక్ష చేయించమంటారా? నీకు చిన్నదనిపించినా వాళ్ళు తేల్చిందే కాగితం మీద పెట్టు. నలభై ఇళ్ళ సంతకాలున్న చిన్న డిమాండ్, నలుగురి సంతకాలున్న పెద్ద డిమాండ్ కన్నా ముందు కదులుతుంది.

స్టీల్ ప్లాంట్ విషయంలోనూ నేను చూసేది ఇదే కోణం. 1966లో ‘విశాఖ ఉక్కు–ఆంధ్రుల హక్కు’ అంటూ రాష్ట్రమంతా లేచింది. కాల్పుల్లో 32 మంది ప్రాణాలిచ్చారని ఈనాటికీ చెప్పుకుంటాం. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, మరుసటి జనవరిలో శంకుస్థాపన. ఆ ప్లాంటు కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. వాళ్ళలో ఉద్యోగం దొరికినవాళ్ళున్నారు, నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డు (పునరావాస కార్డు) బీరువాలో పెట్టుకుని తరం మారేదాకా ఎదురుచూసినవాళ్ళూ ఉన్నారు. 2021 జనవరిలో కేంద్రం ప్రైవేటీకరణ నిర్ణయం తీసుకుంటే, ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెంలో రిలే దీక్షలు మొదలయ్యాయి. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఆ శిబిరమే లేకపోతే అదైనా వచ్చేదంటే నేను నమ్మను. నీకు ఆ పోరాటంలో ఉండాలనుంటే నిక్షేపంగా ఉండు. ఈసారి వెళ్ళినప్పుడు మాత్రం స్టేజీ ముందు కాకుండా వెనక వరసలో కూర్చున్న కాంట్రాక్టు కార్మికుల పక్కన, నిర్వాసిత కుటుంబాల పక్కన కూర్చో. వాళ్ళ సంగతులు మైకులోకి వచ్చేది తక్కువ. రాయడానికి మనిషి కావాలి.

ఎర్రమట్టి దిబ్బల సంగతి అడిగావు. వేల ఏళ్ళుగా గాలీ నీరూ కలిసి మలిచిన నేల అది, ఒకసారి జేసీబీ దిగితే మళ్ళీ రాదు. దాని కోసం పట్టుదలగా తిరిగేవాళ్ళు ఊళ్ళో ఇప్పటికే ఉన్నారు. వాళ్ళు పిలిచినప్పుడు వెళ్ళు. అన్నిటికీ నువ్వే ముందుండాలని రూలేం లేదు.

ఆడపిల్లల భద్రత అంటే అందరూ రోడ్డు మీద దీపాల దగ్గర్నుంచి మొదలుపెడతారు. నేను నీ ఆఫీసు దగ్గర్నుంచి మొదలుపెట్టమంటాను. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ఏ చోటైనా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకి ఇంటర్నల్ కమిటీ ఉండాలి. దానికి పెద్దగా ఓ సీనియర్ ఉద్యోగిని ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళుండాలి, బయటినుంచి ఒకరుండాలి. పెట్టకపోతే యాజమాన్యానికి రూ.50,000 దాకా జరిమానా. మీ కంపెనీలో ఆ కమిటీ పేర్లు గోడ మీద ఉన్నాయా? లేకపోతే ఒంటరిగా హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్ళకు, ఇద్దరు ముగ్గురు కలిసి ఓ మెయిల్ పెట్టండి, మర్యాదగా, ‘కమిటీ సభ్యుల వివరాలు తెలియజేయగలరు’ అని. ఉద్యోగం పోయే పని కాదు. కానీ ఆ మెయిల్ వెళ్ళిన వారంలో మీ ఆఫీసులో కొందరి నడవడిక మారుతుంది, చూడు.

డబ్బు విషయం ముందే చెప్పేస్తాను, ఇది చాలా సంఘాలని మింగేసింది. ఒక్క రూపాయి చందా అయినా నీ సొంత ఫోన్‌పేకి తీసుకోకు. ఇద్దరి సంతకాలతో ఖాతా, నెలకోసారి లెక్క మీటింగులో చదవడం. జెరాక్సు ఖర్చైనా రసీదు పెట్టు. ఇందులో నీకు నేను నేర్పేదేముంది.

పార్టీలవాళ్ళు వస్తారు. విశాఖలో యూనియన్లూ జెండాలూ లేకుండా ఏ పోరాటమూ నడవలేదు, వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది బోలెడు. రమ్మను, మాట్లాడమను. అర్జీ మీద పేరు మాత్రం పేటదే ఉండాలి. ఎన్నికలొచ్చి జెండాలు మారినా పేట ఎక్కడికీ పోదు కదా.

ఇక అమ్మ భయం. అది ఉత్తిది అని చెప్పను. ఊళ్ళో పోలీసు యాక్టు సెక్షన్ 30 అమల్లో ఉందంటూ ఊరేగింపులు ఆపడం, కేసులు రాయడం జరుగుతూనే ఉంటాయి. అయితే నేను ఇప్పటిదాకా చెప్పిన పనిలో నూటికి తొంభై పాళ్ళు నోటుబుక్కు, అర్జీ, అప్పీలు. వాటికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ధర్నా దాకా వస్తే పోలీసులకి ముందుగా రాతపూర్వకంగా తెలియజెయ్యండి, దాని మీద స్టాంపు వేయించుకోండి. ఎవరో రెచ్చిపోయి రాయి విసిరితే అక్కడినుంచి వచ్చెయ్. ఖాళీ కాగితం మీద ఎక్కడా సంతకం పెట్టకు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్ళని మామూలుగా అరెస్టు చెయ్యకూడదు. మరీ తప్పనిసరైతే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది. నంబరు 15100, ఫోన్లో వేసి ఉంచుకో. అమ్మ ఫోన్లో కూడా వెయ్యి.

పెళ్ళి మాటంటావా, సమాచార హక్కు దరఖాస్తు పెట్టిన పిల్లని వద్దనే సంబంధం గురించి నాకైతే బెంగ లేదు. మీ అమ్మకి ఉంటుంది, ఉండనీ. ఆవిడతో వాదించకు. నాకు తెలిసి ఈ పనికి నీకన్నా ఆవిడే పనికొస్తుంది. ఏ ఇంట్లో పిల్లాడికి ఆయాసం, ఎవరు నెబ్యులైజర్ కొన్నారు, ఎవరి మామగారు రాత్రంతా దగ్గుతున్నారు అన్నది ఆవిడకి కంఠతా వచ్చు. ‘సంతకాలకి రావే’ అంటే రాదు. ‘ఆ వీధి చివరి ఇంటివాళ్ళు నాకు తెలీదు, ఒక్కసారి తోడురా’ అను. వస్తుంది. వచ్చాక నీకన్నా ఎక్కువసేపు కూర్చుంటుంది.

ఈ ఏడాదిలో ఏదో గెలిచేస్తావని నేను చెప్పను. ఓ లారీ మీద టార్పాలిన్ పడొచ్చు, పడకపోవచ్చు. మొదటి దరఖాస్తుకి ‘మీరు కోరిన సమాచారం ఈ కార్యాలయానికి సంబంధించినది కాదు’ అని వచ్చే అవకాశమే ఎక్కువ. నిజానికి అలాంటి దరఖాస్తుని సంబంధిత ఆఫీసుకి అయిదు రోజుల్లో బదిలీ చెయ్యాల్సింది వాళ్ళే, సెక్షన్ 6(3) కింద. అప్పీల్లో ఆ ముక్క రాయి. అర్జీ ఇచ్చినప్పుడల్లా రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో రౌండు సీలు వేయించుకునేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకు. సర్వర్ డౌనంటారు, ఇన్‌వార్డు క్లర్కు టీకి వెళ్ళాడంటారు. కూర్చో.

ఆ వడియాలావిడ చేత కూడా సంతకం పెట్టించు, ఆవిడది మొదటి పేరుగా ఉంటే ఇంకా మంచిది.